ఒక్క సీసా, ఎనిమిది దగ్గులు

ఎనిమిది మంది ఒకేసారి దగ్గడం ఏ చట్టం కిందా నేరం కాదు. అందులోనూ ఆస్పత్రిలో దగ్గక మరెక్కడ దగ్గుతారు? చిక్కేమిటంటే, ఆ ఎనిమిది మందీ ఒక కొత్త మందు పరీక్షలో ఉన్న రోగులు. పొద్దున తొమ్మిదింటికి మందు పీల్చారో లేదో, ఎవరో చెయ్యి ఊపి అందుకోమన్నట్టు, అందరూ కలిసి కళ్ళనీళ్ళు కారేలా దగ్గారు. పావుగంటలో తగ్గిపోయింది గానీ, మధ్యాహ్నానికల్లా పోలీసులొచ్చి మందు అందించిన నర్సే దోషి అని తేల్చేశారు. అప్పుడు డాక్టరుకు భయం పట్టుకుని వదినగారికి ఫోన్ చేశాడు.

వదినగారంటే ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఇన్‌స్పెక్టరు ఆవిడ భర్తకు స్వయానా తమ్ముడు. ఆవిడ డిటెక్టివుగా బోర్డు కట్టిన నాటి నుంచి ప్రతి కేసులోనూ ఇద్దరూ ఎదురుపడటం, ఆయన "మళ్ళీ వచ్చారా వదినా" అని నీరసపడటం, అది విని విని కానిస్టేబుళ్ళూ లాయర్లూ చివరికి దొంగలు కూడా ఆవిడను వదినగారూ అని పిలవడం అలవాటు చేసుకున్నారు. ఆవిడకు కూడా అదే బాగుంది. వదినగారితో అబద్ధం చెప్పాలంటే ఎంతటివాడికైనా కాస్త మొహమాటం అడ్డొస్తుంది.

నర్సుల విశ్రాంతి గదిలో ఇన్‌స్పెక్టరు కుర్చీలో వెనక్కి వాలి, కేసు ముగించినవాడికుండే తృప్తితో బూటు ఊపుకుంటున్నాడు. ఇనపమంచం అంచున నర్సు నిటారుగా కూర్చుని ఉంది. కిటికీ దగ్గర మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న ఒక సన్నటి పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. మందు పరీక్ష సక్రమంగా జరుగుతోందో లేదో చూడటానికి మందుల కంపెనీ పంపిన పర్యవేక్షకుడట. పోలీసులకు ఫోన్ చేసింది ఆయనే.

"మళ్ళీ వచ్చారా వదినా. కేసు అయిపోయింది," అన్నాడు మరిది.

"అయిపోయిన కేసులంటేనే నాకిష్టం. రద్దీ ఉండదు," అని వదినగారు మంచం మీద నర్సు పక్కనే చతికిలబడింది.

మరిది వాదన విన్నవాడెవడైనా తల ఊపాల్సిందే. ఎనిమిది మందీ దగ్గారంటే ఎనిమిది సీసాల్లోనూ ఏదో కలిసింది. ఆ సీసాలుండే గదికి తాళంచెవి ఒక్కటి, అది ఉండేది నర్సు జేబులో. ప్లాస్టిక్ సీసాకు కనపడకుండా చిల్లు పెట్టి, లోపలికి ఏదో ఎక్కించి, మళ్ళీ మూయాలంటే ఒక్కోదానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఎనిమిదింటికి దగ్గర దగ్గర గంట. ఆ గదిలో గంటసేపు ఒంటరిగా ఉండగలిగేది ఈవిడ తప్ప మరొకరు లేరు. ఐదింటికి జీపు వస్తుంది, ఈవిడ స్టేషనుకు వెళుతుంది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇన్‌స్పెక్టరుగారు పూట తిరక్కుండా పట్టారు," అన్నాడు పర్యవేక్షకుడు ఎంతో మర్యాదగా. మరిది బూటు ఇంకాస్త జోరుగా ఊగింది.

నర్సు ఏడవడం లేదు. కోపంగా ఉంది. వార్డులో ఆవిడకు రూళ్ళకర్ర అని పేరు. గౌను ముడి సరిగా వేసుకోలేదని ఒకసారి పెద్ద డాక్టర్నే గుమ్మం బయట నిలబెట్టిందట. అలాంటి మనిషి ఇవాళ తప్పు చేసినట్టు మంచం మీద కూర్చోవలసి వచ్చింది. ఒకసారి బేడీలు పడ్డ చేతికి మళ్ళీ ఇంజెక్షన్ సూది ఎవరిస్తారు? ఆ సంగతి తలుచుకుని వదినగారు హాస్యం కాసేపు పక్కన పెట్టి, పొద్దుటి నుంచి ఏం జరిగిందో వరసగా చెప్పమంది.

నర్సు పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఫ్రిజ్‌లోంచి ఎనిమిది సీసాలు తీస్తుంది. వాటి మీద నంబర్లే తప్ప మందు పేరుండదు. పళ్ళెంలో పెట్టి, వార్డు గాజుగోడకున్న అరలోంచి లోపలికి తోస్తుంది. రోగులందరూ లేచి తిరిగే స్థితిలో ఉన్నవాళ్ళే కాబట్టి ఎవరి నంబరు వాళ్ళు తీసుకుని, మూత తిప్పి, మందును ఆవిరిలా చేసే నెబులైజరులో పోసుకుంటారు. ఎనిమిది మాస్కుల్లోనూ ఆవిరి కనపడితే ఆవిడ టిక్కు పెడుతుంది. అంటు జబ్బు గనక అవసరం లేకుండా లోపలికి వెళ్ళకూడదు. రూలు.

"పళ్ళెం తోసిన దగ్గర్నుంచి ఆవిరి వచ్చేదాకా వాళ్ళనే చూస్తూ ఉంటావా?"

"లేదండీ. ముందు ఫ్రిజ్ మూసి, చల్లదనం ఎంతుందో చూసి రాసి, గదికి తాళం వెయ్యాలి. అది కూడా రూలే. ఆ కాసేపు వీపు అటు తిప్పి ఉంటాను."

"మందుల గదిలోకి ఇంకెవరూ వెళ్ళరా?"

"సీసాల లెక్క సరిచూడటానికి సారుకు తాళం ఇస్తాను. ఐదు నిమిషాలే. ఆరో నిమిషం పట్టనివ్వను."

పర్యవేక్షకుడు చిరునవ్వు నవ్వి, చాలా కచ్చితమైన మనిషండీ, అందుకే ఇలా జరగడం మరీ బాధగా ఉంది అన్నాడు. ఐదు నిమిషాల్లో ఒక సీసాకైతే సరిపోతుంది గానీ ఎనిమిదింటికి చాలదని మరిది ముందే లెక్క కట్టి పెట్టుకున్నాడు. మిగిలిన జాగ్రత్తలు కూడా తనే తీసుకున్నాడు. పాత సీసాలన్నీ పక్కన పెట్టించి, ఒంటిగంటకు కొత్త పెట్టె తెప్పించి, దాని సీలు స్వయంగా కోసి, సీసాలు ఫ్రిజ్‌లో పెట్టించి, తాళం వేసి చెవి తన జేబులో వేసుకున్నాడు. అంతసేపూ నర్సును వెంటబెట్టుకునే తిరిగాడు.

"మధ్యాహ్నం నుంచి ఈవిడ నా కళ్ళ ముందు నుంచి ఒక్క క్షణం కదిలితే ఒట్టు," అన్నాడు గర్వంగా.

వదినగారు ఆ మాట బుర్రలో ఒక మూల పెట్టుకుని లేచింది.

వార్డుకు వెళ్ళే దారిలో, ఆవిడకు ఫోన్ చేసిన ఊపిరితిత్తుల డాక్టరు మందు సంగతి చెప్పాడు. వైరస్ ఒంట్లోంచి పోయాక కూడా అది రేపిన వాపు ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. దొంగ గోడ దూకి పారిపోయినా, పోలీసులు వాడి కోసం ఇల్లంతా పగలగొట్టి వెతుకుతూనే ఉన్నట్టు, ఒంటిని కాపాడాల్సిన బలగమే ఒంటిని పాడు చేస్తుంది. ఈ మందు ఆ బలగాన్ని శాంతపరుస్తుందని ఆశ. ఆశ నిజమో కాదో తేలాలంటే సగం మందికి అసలు మందు, సగం మందికి వట్టి ఉప్పునీళ్ళు ఇచ్చి తేడా చూడాలి. ఎవరికి ఏది వెళుతోందో రోగికి తెలియదు, నర్సుకు తెలియదు, తనకూ తెలియదు. మందు మధ్యలో మానేస్తే వాపు తిరగబెడుతుంది కాబట్టి కొత్త పెట్టెతో కొనసాగించమని భద్రతా కమిటీ ఫోన్లోనే చెప్పింది.

"ఎవరికీ తెలియదు సరే, నాలుకకు కూడా తెలియదా?" అంది వదినగారు.

డాక్టరు తల గోక్కున్నాడు. అసలు మందు ఆవిరి నోట్లో కాస్త చేదు పుట్టిస్తుంది. ఉప్పునీళ్ళది ఉప్పగా ఉంటుంది. రెండూ ఒకే రుచిలో ఉండేలా చెయ్యబోయారు గానీ కుదరలేదు. అంత పట్టించుకోరులే అనుకున్నారు.

వదినగారు మాస్కు పెట్టుకుని, గౌను తొడుక్కుని, ముడి రెండుసార్లు సరిచూసుకుని లోపలికి వెళ్ళింది. ఎనిమిది మంచాలు, ఎనిమిది నెబులైజర్లు, పదహారు కళ్ళు. ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టేదాకా వార్డు సంతలా ఉంది. అడుగు పెట్టగానే పరీక్ష హాలు అయిపోయింది. కొత్త మనిషిని చూసి రోగులు నోళ్ళు మూసుకుంటే అది మర్యాద. నోళ్ళు మూసుకుని ఒకరి మొహాలొకరు చూసుకుంటే అది వేరే సంగతి. వదినగారికి ప్రాణం లేచొచ్చింది.

ఏ విషం గురించీ అడగలేదు. మంచం మంచానికీ వెళ్ళి, మందు ఎలా ఉంటోందండీ నోటికి, అని మాత్రం అడిగింది. మొదటి మంచం మీద దర్జీ, కాస్త చేదు కాస్త ఉప్పు అన్నాడు. రెండో మంచం మీద లారీ డ్రైవరు కూడా కాస్త చేదు కాస్త ఉప్పు అన్నాడు. మూడో మనిషీ అదే మాట, నాలుగో మనిషీ అదే మాట. గాజుగోడ అవతల, పళ్ళెం తోసే అర దగ్గర చెవి పెట్టి నిలబడ్డ డాక్టరు మొహం మంచం మంచానికీ తెల్లబడుతోంది. చేదుగా ఉండాలి, లేకపోతే ఉప్పగా ఉండాలి. రెండూ ఒకే నోట్లో ఎలా ఉంటాయి?

ఐదో మంచం మీద ఒక యువతి, ఆరో మంచం మీద ఆమె అత్తగారు. జబ్బు ఇద్దరికీ ఒకే వారంలో వచ్చింది. ఫ్యాను ఎంత జోరుగా తిరగాలన్న విషయం మీద ఇద్దరికీ వచ్చిన దగ్గర్నుంచీ యుద్ధం నడుస్తోందని లారీ డ్రైవరు అప్పటికే చెవిలో వేశాడు. కోడలు జవాబు చెప్పకుండా తల దించుకుంది. వదినగారి చూపు ఆమె తల మీదుగా కిటికీ గట్టు మీదికి పోయింది. అక్కడ ఒక పెద్ద ప్లాస్టిక్ గ్లాసు, సూది లేని సిరంజి ఒకటి, శుభ్రంగా కడిగి తుండుగుడ్డ మీద బోర్లించి ఉన్నాయి. ఈ వార్డులో ఎవరికీ ఇంజెక్షన్లు లేవు.

"సిరంజి ఎవరిది?" అంది వదినగారు.

దర్జీ చెయ్యి జేబులోకి పోయింది. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టే ఉంది ఆ వాలకం. ఆయన నోరు తెరిచేలోపు ఆరో మంచం మీది అత్తగారు దుప్పటి విసిరేసి లేచి కూర్చుంది.

"ఆయన్నేం అనకండమ్మా. చెయ్యమన్నది నేను. నాకు చేదు వచ్చింది, దీనికి ఉప్పు వచ్చింది. రెండ్రోజుల్లోనే తెలిసిపోయింది ఎవరిది మందో, ఎవరిది నీళ్ళో. ఇదీ నేనూ పోట్లాడుకోని రోజు లేదు, అబద్ధమెందుకు. అలాగని నేను మందు పీలుస్తూ, పక్క మంచం మీద ఇది రొప్పుతూ ఉప్పునీళ్ళు పీలుస్తుంటే చూస్తూ పడుకోమంటారా? పోతే ఇద్దరం పోదాం, లేస్తే ఇద్దరం లేద్దాం అన్నాను."

కోడలు ఇంకా తల ఎత్తలేదు. ఈసారి సిగ్గుతో కాదు, కళ్ళు తుడుచుకోవడానికి.

తరవాత కథ మిగిలినవాళ్ళు తలో ముక్కా చెప్పారు. అత్తాకోడళ్ళు పంచుకోవడం చూసి లారీ డ్రైవరు తన చేదు సీసా తెచ్చి కలిపాడట. ఇక ఎవరూ ఆగలేదు. నర్సు వీపు తిప్పిన ఆ మూడు నాలుగు నిమిషాల్లో ఎనిమిది సీసాలూ గ్లాసులోకి వెళతాయి, దర్జీ సిరంజితో లాగి ఎనిమిది భాగాలు చేస్తాడు. ఏ ఒక్కరికీ చుక్క ఎక్కువ రాదు, చుక్క తక్కువ రాదు. ఆయన కొలతలో అంగుళం తేడా వచ్చిన చొక్కా ఈ లోకంలో లేదట. పొద్దున కలిపినప్పుడు వాసన తేడాగా లేదా అని వదినగారు అడిగితే అందరూ నవ్వారు. జబ్బు ముందుగా ఎత్తుకుపోయింది వాసనే. పేడ పెట్టినా పన్నీరు పెట్టినా వాళ్ళ ముక్కులకు ఒకటే.

డాక్టరు గౌను కూడా సరిగా కట్టుకోకుండా లోపలికి వచ్చేశాడు. ఆయనకు కోపం వచ్చిందో ఏడుపు వచ్చిందో ఆయనకే తెలియలేదు.

"మీ అందరికీ సగం సగం మందు పడింది. ఇప్పుడు నేను ఎవర్ని ఎవరితో పోల్చి చూడాలి?"

"నిన్నటి మమ్మల్ని ఇవాళ్టి మాతో పోల్చుకోండి బాబూ. బాగానే ఉన్నాం," అంది అత్తగారు.

డాక్టరు స్టూలు మీద కూలబడి, నెమ్మదిగా వివరించాడు. ఈ వార్డు బాగుపడటం ఒక్కటే కాదు ముఖ్యం. ఈ మందు నిజంగా పనిచేస్తోందో లేదో తేలకపోతే, రేపు ఇదే జబ్బుతో వచ్చే వేలమందికి దాన్ని ఇవ్వాలో వద్దో ఏ డాక్టరుకూ తెలియదు. ఉప్పునీళ్ళు పీల్చేవాళ్ళను ఆయన గాలికి వదిలెయ్యలేదు, మిగతా మందులన్నీ వాళ్ళకూ అందుతున్నాయి, రోజూ దగ్గరుండి చూస్తున్నాడు. చివరికి అత్తగారే, సరే, ఇక ఎవరి సీసా వాళ్ళే, అని అందరి తరఫునా మాటిచ్చింది. మాటివ్వడానికి ముందు కోడలి వైపు ఒకసారి చూసింది.

ఆ మాట చెవిన పడీ పడగానే వదినగారు వార్డులోంచి బయటపడింది. గౌను విప్పి పారేసి, నడవాలో దాదాపు గంతులేసుకుంటూ విశ్రాంతి గదికి చేరింది. మరిది అదే కుర్చీలో, నర్సు అదే మంచం మీద, పర్యవేక్షకుడు అదే కిటికీ దగ్గర ఉన్నారు.

"లెక్క తప్పావు మరిదీ. ఎనిమిది దగ్గులకు ఎనిమిది సీసాలు అక్కర్లేదు. ఒక్కటి చాలు," అంది.

పంపకం కథంతా విని మరిది నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నర్సు కూడా నోరు తెరిచింది, అయితే అది వేరే కారణానికి. తన వార్డులో, తన వీపు వెనక, ఇన్ని రూళ్ళు ఒక్కసారిగా తప్పారన్న సంగతి ఆమెకు అరెస్టు కంటే పెద్ద దెబ్బలా తగిలింది.

మరిది అంత తేలిగ్గా లొంగే రకం కాదు. ఒకటైనా ఎనిమిదైనా చెయ్యి అదే చెయ్యి కావచ్చుగా అన్నాడు. కావచ్చు, కానీ గంట పట్టే పని నర్సు ఒక్కతే చెయ్యగలదన్నావు, ఇది ఐదు నిమిషాల పని, ఇప్పుడు నీ అనుమానితుల జాబితా పెరిగింది అంది వదినగారు. అసలు ఆ ఒక్క సీసా ఏదో చూద్దామని పొద్దుటి ఖాళీ సీసాలు అడిగింది. మరిది వాటిని పారదర్శకంగా ఉండే సంచిలో వేసి, లక్క సీలు కొట్టి, లాబొరేటరీకి పంపడానికి సిద్ధంగా పెట్టాడు. సీలు విప్పడం కుదరదన్నాడు. రిపోర్టు వారంలో వస్తుందన్నాడు.

"వారంలో వచ్చే రిపోర్టు కంటే కిటికీలో వచ్చే ఎండ నయం. నీ సీలు జోలికి రానులే," అని వదినగారు సంచిని అలాగే వెలుతురుకు ఎత్తి, భూతద్దం తీసింది. పర్యవేక్షకుడు మర్యాదగా పక్కకు జరిగి చోటిచ్చాడు.

సంచి తిప్పుతూ ఒక్కో సీసానూ చూసింది. ఏడు సీసాలు నున్నగా ఉన్నాయి. ఎనిమిదోదాని మెడ కింద చీమ తలకాయంత చుక్క ఒకటి, కాల్చిన సూదితో ప్లాస్టిక్‌ను కరిగించి అతికినట్టు, గరుగ్గా ఉంది. మరిది వచ్చి భూతద్దం లాక్కుని చూశాడు.

"నంబరు?" అంది వదినగారు.

"ఐదు."

ఐదో మంచం కోడలిది. ఒక సీసాలో ఉన్నది ఎనిమిది మందికి పంచితేనే వార్డంతా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అది మొత్తం, అసలే వాచి ఉన్న ఒక్క జత ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే? ఎవరో ఆ పిల్లను చంపాలనుకున్నారు. రూలు తప్పిన పంపకం ఆమెను బతికించింది. ఇంత మంచి పనిని తప్పని కసిరి మాన్పించి వచ్చామా అనుకుంది వదినగారు, అనుకున్న మరుక్షణం చటుక్కున నర్సు వైపు తిరిగింది.

"సాయంత్రం మందు ఎన్నింటికి?"

"నాలుగింటికి," అంది నర్సు. "నా బదులు ఇంకో సిస్టర్ ఇస్తుంది." గోడగడియారం నాలుగు దాటింది. ఎవరి సీసా వాళ్ళే అని అత్తగారు అప్పుడే మాటిచ్చింది.

వదినగారు పరిగెత్తింది. ఏమీ అర్థం కాకపోయినా మరిది కూడా వెనకే పరిగెత్తాడు. గాజుగోడ అవతల ఎనిమిది మందీ బుద్ధిమంతుల్లా ఎవరి మంచం మీద వాళ్ళు కూర్చుని ఉన్నారు. కోడలు నెబులైజరులో మందు పోసుకుని, మాస్కు మొహానికి తగిలించుకుని, మీట మీద వేలు పెట్టింది. వదినగారు రెండు చేతులతో గాజును దబదబా బాదింది. అర మూసి ఉండటంతో అరుపు లోపలికి వినపడలేదు. కానీ అత్తగారు తలెత్తి ఆవిడ మొహం చూసింది. ఆ మొహంలో ఏం కనపడిందో గానీ, ఎందుకు ఏమిటి అని ఆలోచించకుండా చెయ్యి చాచి కోడలి మొహం మీంచి మాస్కును లాగేసి, యంత్రం తీగను గోడలోంచి పీకేసింది.

"ఫ్యాను సంగతైతే ఇంత గట్టిగా లాగక్కర్లేదు అత్తయ్యా," అంది కోడలు, చెవి రుద్దుకుంటూ.

డాక్టరు ఆ మందును ముక్కు దగ్గర పెట్టుకుని చటుక్కున వెనక్కి తీశాడు. పరికరాలు కడిగే ఘాటైన ద్రావణమన్నాడు, రెండు మూడు సార్లు పీల్చినా ఊపిరి మూసుకుపోయేదన్నాడు. ఖాళీ సీసా వెలుతురులో పెడితే మెడ కింద అదే చీమ తలకాయంత చుక్క. అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని, వదలమన్నా వదల్లేదు.

వదినగారు గౌను తొడుక్కుని లోపలికి వెళ్ళి, ఈ ఆస్పత్రిలో నీకెవరితోనైనా మాట పట్టింపు ఉందా అని కోడల్ని అడిగింది. ఎవరితోనూ లేదంది. అంతలోనే, పట్టింపు కాదు గానీ ఒక పరాచికం ఆడానంది.

"మొన్న ఎక్స్‌రేకి తీసుకెళుతుంటే మందుల గది తలుపు ఓరగా ఉందండీ. కంపెనీ సారు ఒక సీసా మూత విప్పి నాలిక మీద చుక్క వేసుకుని చప్పరిస్తున్నారు. పక్కన ఇంకోటి కూడా విప్పి ఉంది. ఏం సార్, మీకూ అంటుకుందా, చేదా ఉప్పా అని నవ్వాను. ఆయనా నవ్వారు."

డాక్టరుకు సంగతి అర్థమైంది. ఏ నంబరు మందో ఏ నంబరు నీళ్ళో ముందే తెలిస్తే, పరీక్ష ఫలితం ఎటు తిరుగుతోందో అందరికంటే ముందే తెలుస్తుంది. ఆ రహస్యాన్ని లక్షలు పోసి కొనే పోటీ కంపెనీలున్నాయి. కాపలా కాయాల్సినవాడే రుచి చూసి అమ్ముకుంటున్నాడు. చూసిన మనిషి ఈ లోకంలో ఒక్కతే.

వదినగారు బయటికి వచ్చి మరిదిని నడవా మూలకు లాక్కుపోయింది. "కొత్త పెట్టె సీలు ఒంటిగంటకు ఎవరు కోశారు?"

"నేనే."

"అంటే ఈ చిల్లు ఆ తరవాత పడింది. ఒంటిగంట నుంచి నర్సు ఎక్కడుంది?"

"నా కళ్ళ ముందే." ఆ మాటతో నర్సు నిర్దోషి అని తేల్చింది తనేనని ఆయనకు అర్థమైంది. ఆశ్చర్యంగా, ఆయన మొహంలో ఓడిపోయిన బాధకు బదులు ఒక రకమైన తేలిక కనపడింది. మనిషి మంచివాడే, తొందరపాటు ఒక్కటే ఎక్కువ.

"తాళంచెవి నీ జేబులో ఉందన్నావు. మరి సాయంత్రం పళ్ళెం సర్దడానికి గది ఎవరు తెరిచారు?"

మరిది జేబు తడుముకోలేదు. అందులో ఏమీ లేదని ఆయనకు తెలుసు.

"మీరు వార్డులో ఉన్నప్పుడు ఆయన అడిగారు వదినా. పళ్ళెం తనే సర్ది సిస్టరుకు ఇస్తానన్నారు. పెద్దమనిషి కదా అని ఇచ్చాను. ఐదు నిమిషాల్లో వచ్చేశారు."

"చుక్క ఉన్న సీసా దొరికిందని ఆయన ముందే చెప్పాం. ఇక పోలీసుల చేతికి దొరకాల్సింది నేరం ఒప్పుకుని నోరు మూసుకున్న నర్సు. తప్పు చేసి భయపడి ప్రాణం తీసుకుందన్నట్టు ఆ నోరు శాశ్వతంగా మూసేస్తే ఆయనకు మరీ హాయి. ఇప్పుడు ఆ నర్సు దగ్గర కానిస్టేబులెవరున్నారు?"

మరిది మొహంలో రంగు ఒక్కసారిగా దిగిపోయింది. కానిస్టేబులు జీపు తేవడానికి వెళ్ళాడని చెప్పాడు.

"ఖైదీని ఒంటరిగా వదలకూడదని... ఆయన్నే కాస్త చూస్తూ ఉండమని చెప్పి వచ్చాను వదినా."

ఆవిడ తిట్టడానికి నోరు తెరిచేలోపే నడవా చివర విశ్రాంతి గది తలుపు మూసుకుని, లోపలి నుంచి గడియ పడిన చప్పుడు వినపడింది. ఇన్నేళ్ళలో మొదటిసారి, మరిది వదినగారి కంటే ముందు పరిగెత్తాడు.